తెల్ల కార్డు వాళ్ళని దిద్దవద్దు

దిగిన 11వ రోజు

ఈ పుస్తకం నేను కొనుక్కున్నది కాదు. పరిశోధన కేంద్రంవాళ్ళు చేతిలో పెట్టారు. కొత్త భాష నేర్చుకుంటున్నప్పుడు మనసులో ఏమనిపిస్తుందో అప్పుడప్పుడూ మా భాషలో రాయాలట. ఏడాది నిండేదాకా తెరిచి చూడరట. తర్వాత యంత్రంతో చదివించుకుంటారట. చదివించుకోండి.

నా పేరు నాంచారి. ముప్పై తొమ్మిదేళ్ళు. గొట్టాలు బిగించే పని. నౌకలో పన్నెండేళ్ళు అదే చేశాను, ఇక్కడా అదే చేయమన్నారు. ఈ ఊరి పేరు సేవెల్. మంచు కింద తవ్విన ఊరు. వీళ్ళ పెద్దలు మూడువందల ఏళ్ళ కిందట దిగారు. అప్పటినుంచి ఊరంతటికీ ఒకటే భాష, సెన్. పుట్టిన పిల్లలకు తప్ప ఎవరికీ భాష నేర్పాల్సిన అవసరం రాలేదు. పెద్దవాళ్ళు ఇంకో భాష ఎలా నేర్చుకుంటారో వీళ్ళలో ఎవరూ కళ్ళతో చూడలేదు. మేం నలభై ఆరుగురం దిగేసరికి, మ్యూజియంలో పెట్టాల్సిన వస్తువులు నడిచి వచ్చినట్టు సంబరపడ్డారు.

చెవుల్లో పెట్టుకునే అనువాదకాలు తలుపు దగ్గరే తీసేసుకున్నారు. అవి రెండు సెకన్లు ఆలస్యంగా చెబుతాయి, గాలీ వేడినీళ్ళూ నోటిమాట మీద నడిచే చోట రెండు సెకన్లు చాలా ఎక్కువ అన్నారు. కేంద్రంలో మాత్రం ఒక యంత్రం ఉంచుకున్నారు. ఒప్పందం కాగితం అదే చదివి వినిపించింది. "మీరు నేర్చుకునే తీరులో మేము జోక్యం చేసుకోము" అని ఒక వాక్యం ఉంది. మర్యాదస్తులే అనుకుని సంతకం చేశాను.

నన్ను చూసుకునే పరిశోధకురాలి పేరు ఇల్వెన్. ముప్పై ఏళ్ళుంటాయి. గోళ్ళు కొరుక్కుంటుంది. నా మెడకు ఒక పట్టీ కట్టింది. నేను మాట్లాడిన ప్రతి మాటా, నాతో అన్న ప్రతి మాటా అది దాచుకుంటుంది. మాలో సగంమందికి తెల్ల కార్డులు, సగంమందికి పచ్చ కార్డులు ఇచ్చి గుండెమీద తగిలించుకోమన్నారు. నాది తెల్లది. ఎందుకని అడిగితే, బస గదుల లెక్క కోసం అంది.


దిగిన 47వ రోజు

పంప్‌హౌస్‌లో పని. నేల లోతుల్లోంచి వేడినీళ్ళు తోడి ఇళ్ళకు పంపుతారు. అవి ఆగితే నాలుగు గంటల్లో ఊరు గడ్డకడుతుంది.

అందరూ మంచిగా ఉంటారు. అదే నాకు మింగుడు పడడం లేదు. నేను నాలుగు మాటలు కూడబలుక్కుని పానా ఇవ్వమంటే, ఒక్క క్షణం ఆగుతారు, నా కార్డు వంక చూస్తారు, నవ్వుతారు, ఇస్తారు. నాతో జంటగా పనిచేసేవాడు యోహర్. పాతికేళ్ళవాడు, చేతులు చాలా చురుకు. వాడూ అంతే. ఆగడం, చూడడం, నవ్వడం.

ఒక్క దెహ్రా మాత్రం నవ్వదు. అరవై ఏళ్ళ మనిషి, యోహర్‌కు మేనత్త. ఒత్తిడి మీటర్ల ముందు కూర్చుని అంకెలు రాస్తుంది. నేను పలకరిస్తే గోడవైపు తిరుగుతుంది. మొన్న కావాలనే ఎదురుగా నిలబడి, "వేడి బాగుంది" అన్నాను. పళ్ళు కొరికింది. లేచి వెళ్ళిపోయింది.

"మీ అత్తకు మేమంటే పడదా?" అని యోహర్‌ని అడిగాను.

వాడు కార్డు వంక చూసి, "ఆమె అంతే" అన్నాడు.

ఎనిమిది రోజులకోసారి కేంద్రంలో పరీక్ష. లేని పిట్ట బొమ్మ ఒకటి గీసి, దానికి లేని పేరొకటి పెట్టి, ఇలాంటివి రెండుంటే ఏమంటావు అని అడుగుతారు. వరసగా ఆరు బొమ్మలు చూపించి కథ చెప్పమంటారు. నేను మాట మధ్యలో ఎక్కడ ఆగానో, ఎంతసేపు ఆగానో కొలుస్తారు. ఏం చెప్పినా ఇల్వెన్ "బాగుంది" అంటుంది. బాగా చెప్పినరోజూ అదే, నత్తి నత్తిగా చెప్పినరోజూ అదే. నేను పెంపుడు జంతువునైతే కనీసం బిస్కట్ ముక్క పెట్టేది.


దిగిన 118వ రోజు

ఇవాళ సెలవు. బాలమణి వచ్చింది. నౌకలో పక్క గదిలో ఉండేది. ఇప్పుడు పంటల గుహల్లో పని. దానిది పచ్చ కార్డు. వచ్చీ రాగానే మంచంమీద కూలబడి మొదలుపెట్టింది.

"నోరు తెరిస్తే చాలు అక్కా, దిద్దుతరు. గా మాట గట్ల కాదు, గిట్ల అంటరు. మళ్ళ అను అంటరు. ముసలాయన నుంచి సూపర్‌వైజర్ దాంక అందరు గంతే. తలకాయ తింటున్నరు."

నాకు లోపల కాస్త గర్వంగా అనిపించిన మాట నిజం. నన్నెవరూ దిద్దరు. చెప్పింది చెప్పినట్టు అర్థమవుతోంది, పని జరుగుతోంది. దానికంటే నాకే తొందరగా వచ్చిందనుకున్నాను. "నువ్వు చిన్నప్పటినుంచీ పరధ్యానమే కదా, జాగ్రత్తగా విను" అని నీతులు కూడా చెప్పాను.

సెన్ మరీ కష్టమైన భాషేం కాదు. వాక్యం చివర 'రె' అని తగిలిస్తారు. కొందరు కొన్నిసార్లు 'లూ' అంటారు. పంప్‌హౌస్‌లో ఎక్కువ వినబడేది రె. లూ అనేది బద్ధకంగా మాట్లాడేవాళ్ళ వాడుక అయ్యుంటుందని నేనే తేల్చుకుని, అన్నిటికీ రె పెట్టడం మొదలుపెట్టాను. ఎవరూ కాదనలేదు. పోయిన పరీక్షలో వరసగా ఇరవై వాక్యాలు రె తోనే చెప్పాను. ఇల్వెన్ ఏదో గబగబా రాసుకుంది. "బాగుంది" అంది.


దిగిన 239వ రోజు

యోహర్ కుడిచెయ్యి కాలిపోయింది.

మూడో గొట్టం శుభ్రం చేయాలి. మూత విప్పేముందు అవతలి గదిలో దాని వాల్వు మూయాలి. అవతలి గదిలో ఉన్న మనిషి ఫోన్లో "మూడోది మూశాం" అన్నాడు. నేను తిరిగి యోహర్‌తో, "మూడో వాల్వు మూసి ఉంది, రె" అన్నాను. వాడు రెండో ఆలోచన లేకుండా బోల్టులు విప్పాడు. అవతలివాడు పొరబడి మూసింది మూడోది కాదు, నాలుగోది. మూత ఎగిరిపోయింది. నీళ్ళు కాదు, తెల్లటి ఆవిరి. మోచేతిదాకా పోయింది.

వాడు అరవలేదు. నేల మీద కూర్చుని నా వంక చూశాడు. ఎనిమిది నెలల్లో మొదటిసారి కార్డు వంక కాకుండా ముఖంలోకి చూశాడు. "రె అన్నావు" అన్నాడు. మళ్ళీ అదే మాట. "రె అన్నావు కదా."

వాణ్ణి తీసుకెళ్ళారు. ఇన్నాళ్ళూ నవ్వినవాళ్ళెవరూ ఇప్పుడు నవ్వడం లేదు. సాయంత్రం ఇద్దరు వచ్చి నా పానాలపెట్టె తీసుకుపోయారు. పది రోజుల్లో విచారణ అన్నారు. నేరం ఏమిటంటే అబద్ధం చెప్పడం. రుజువైతే పైన మంచు గనుల్లో పదేళ్ళు.

అవతలివాడు చెప్పింది చెప్పానని వంద రకాలుగా చెప్పాను. నేను చెప్పేకొద్దీ వాళ్ళ ముఖాలు ఇంకా బిగుసుకున్నాయి. ఇప్పుడు ఆలోచిస్తే, ఆ వంద రకాలకీ చివర రె పెట్టే ఉంటాను.


దిగిన 241వ రోజు

పొద్దున తలుపు తీసేసరికి దెహ్రా. లోపలికి రమ్మనకముందే వచ్చేసింది. నన్ను కొడుతుందనుకున్నాను. ఆమె అన్న మాటలు మన భాషలో రాస్తున్నాను, తిట్లు తీసేసి.

"కళ్ళతో చూశావా?"

"ఏమిటి?"

"వాల్వు. మూసి ఉండడం నీ కళ్ళతో చూశావా?"

"అవతలి గదిలో ఉంటే నేనెలా చూస్తాను?"

"చూడనిదానికి రె ఎందుకన్నావే?"

నాకు అర్థం కాలేదు. వాక్యం చివర రె అనే కదా అంటారు అన్నాను. ఆమె నెమ్మదిగా, పిల్లలకు చెప్పినట్టు కాదు, అప్పుడే ఎక్కడో ఏదో పగిలిన చప్పుడు విన్నట్టు అడిగింది.

"రె అంటే ఏమిటో చెప్పు."

"ఏమీ కాదు. మర్యాద."

దెహ్రా మంచంమీద కూర్చుంది. అప్పుడు చెప్పింది. మన కళ్ళతో చూసినదానికే రె. ఎవరో చెప్పగా విన్నదానికి లూ. పంప్‌హౌస్‌లో ఎవరైనా లూ అంటే, అవతలివాడు పని ఆపి తానే వెళ్ళి చూసుకుని రావాలి. రె అంటే చూడనక్కర్లేదు. అవతలివాడిలా నంబరు పొరబడడం వేరు, చూడకుండా రె అన్నవాడికంటే నీచుడు ఈ ఊళ్ళో లేడు. తోటివాడి ప్రాణంతో ఆడుకున్నట్టే.

"ఎనిమిది నెలలయింది. నీకు ఒక్కళ్ళూ చెప్పలేదా?" అంది.

"ఎవరూ చెప్పలేదు."

"చెప్పరు. చెప్పకూడదు." నా గుండెమీద కార్డు పట్టుకుని గుంజింది. "మీరు దిగకముందు కేంద్రంవాళ్ళు ఊళ్ళో అందరిచేతా సంతకాలు పెట్టించారు. తెల్ల కార్డు వాళ్ళు తప్పు మాట్లాడితే దిద్దకూడదు. అర్థమైనట్టు నవ్వాలి. పచ్చ కార్డు వాళ్ళనైతే ప్రతి తప్పుకూ దిద్దాలి. ఎవరు ఎలా నేర్చుకుంటారో చూస్తారట."

"మరి నువ్వు?" అన్నాను.

"నేనూ సంతకం పెట్టాను. నలభై ఏళ్ళు అంకెలు రాశాను నేను. తప్పు కనిపిస్తే దిద్దకుండా ఉండలేను. నీతో మాట్లాడితే దిద్దేస్తాను. అందుకే మాట్లాడలేదు." లేచి నిలబడింది. "నువ్వంటే ఇష్టమై చెప్పడం లేదు. మావాడి చెయ్యి పోయింది. ఎవరివల్ల పోయిందో సరిగ్గా తెలియాలి నాకు."

ఆమె వెళ్ళాక కార్డు పీకి ముక్కలు చేద్దామనుకున్నాను. ప్లాస్టిక్. వంగింది కానీ విరగలేదు.


దిగిన 243వ రోజు

బాలమణి దగ్గరికి వెళ్ళాను. రె, లూ గురించి అడిగితే అది తెల్లబోయింది.

"గది మన 'అట' లెక్కనే గద అక్కా. వచ్చిండు అంటే మనం చూసినం, వచ్చిండట అంటే ఎవరో చెప్పిన్రు. నాకు మొదటి వారంల్నే నేర్పిన్రు. నీకు తెల్వదా?"

ఒక్క ముక్క. 'అట' లాంటిది అని ఒక్క ముక్క చెబితే అయిపోయేది. ఈ పుస్తకం మొదటి పేజీలోనే మూడు చోట్ల రాశాను ఆ 'అట'. పుట్టినప్పటినుంచీ నా నోట్లో ఉన్నదే. దాన్ని అవతలి భాషలో వెతుక్కోవాలని నాకు తట్టలేదు, తట్టకుండా ఉంటుందా లేదా అని చూస్తూ కూర్చున్నారు వీళ్ళు.

అక్కణ్ణుంచి నేరుగా కేంద్రానికి వెళ్ళాను. ఇల్వెన్ యంత్రం ముందు కూర్చోబెట్టింది. నేను కూర్చోలేదు.

"నాకు రె అంటే తెలియదని మీకు తెలుసా?" అని తెలుగులోనే అడిగాను.

"మీ సమాచారం గురించి ఏడాది పూర్తయ్యేదాకా మాట్లాడకూడదు" అంది. యంత్రం ఆ మాటను చాలా మర్యాదగా తెలుగులోకి తెచ్చింది.

"మెడపట్టీలో అన్నీ ఉన్నాయి. నెలల తరబడి అన్నిటికీ రె అంటున్నానని అందులో ఉంది. అది విచారణకు ఇవ్వండి."

ఆమె గోరు కొరికింది. "ఇస్తే మిగతా ఇరవై ఇద్దరు తెల్ల కార్డుల వాళ్ళకూ విషయం తెలిసిపోతుంది. మొత్తం పోతుంది. నాలుగు నెలలు ఆగండి. గనులకు పంపినా, నాలుగు నెలల తర్వాత మేమే వివరించి వెనక్కి రప్పిస్తాం."

"నాలుగు నెలలు గనుల్లో ఉండమంటావా?"

"వచ్చే నౌకలో మూడువేలమంది దిగుతున్నారు" అంది. ఆ భయం నిజమే అని నాకనిపించింది. "వాళ్ళకెలా నేర్పాలో ఎవరికీ తెలియదు. దిద్దితే వస్తుందా, వినీ వినీ వాళ్ళంతట వాళ్ళే సరిచేసుకుంటారా? తెలుసుకోకుండా మూడువేలమందిని ఆ గొట్టాల మధ్యకు పంపమంటారా?"

"తెలుసుకున్నావుగా. చెయ్యి పోయింది. రాసుకో" అన్నాను.

బయటికి వచ్చి మొదట చేసిన పని, తెల్ల కార్డు వాళ్ళ గదులు ఒక్కొక్కటే తట్టడం. ఇరవై రెండు తలుపులు. అందరికీ చెప్పాను. నాలాగే ఏడుగురు అన్నిటికీ రె అంటున్నారు. వాళ్ళలో ఒకామె గాలి తలుపుల దగ్గర కాపలా.


దిగిన 249వ రోజు

విచారణ జరిగింది. ముగ్గురు పెద్దలు బల్ల వెనక కూర్చున్నారు. యంత్రాన్ని రానివ్వలేదు. యంత్రానికి కళ్ళు లేవు కాబట్టి అది పలికిన రె చెల్లదు. సాక్షి తన నోటితో చెప్పాలి.

ఆరు రోజులు అద్దం ముందు సాధన చేసి వెళ్ళాను. నిలబడి చెప్పాను: "వాల్వు మూసి ఉంది, లూ. అవతలి గదిలో మనిషి నాతో అన్నాడు. నేను చూడలేదు. రె అంటే ఏమిటో అప్పుడు నాకు తెలియదు."

"ఎనిమిది నెలలు పంప్‌హౌస్‌లో పనిచేసి రె తెలియదంటే నమ్మమంటారా?" అన్నాడు నడుమ కూర్చున్నాయన. హాల్లో ఎవరో నవ్వారు. అది పాత నవ్వు కాదు.

వెనక వరుసలోంచి దెహ్రా లేచింది. ఆమెను ఎవరూ పిలవలేదు.

"దాన్నెందుకు అడుగుతారు? ఆ గోళ్ళు కొరుక్కునేదాన్ని అడగండి. మెడపట్టీ విన్నదంతా రోజూ వినేది అదే" అంది.

ఇల్వెన్‌ను ముందుకు రమ్మన్నారు. పెద్దాయన అడిగాడు. "ఈమెకు రె అర్థం తెలియదా?"

ఇల్వెన్ చాలాసేపు మాట్లాడలేదు. ఎందుకో నాకిప్పుడు తెలుసు. తెలియదు అని ఊరుకోవడానికి వాళ్ళ భాషలో వీల్లేదు. చివర రె అనాలి, లేదా లూ అనాలి. లూ అంటే, ఎవరు చెప్పారని అడుగుతారు. ఆమెకు ఎవరూ చెప్పలేదు. రె అంటే, తాను చూస్తూ ఊరుకున్నట్టు.

"ఆమెకు తెలియదు" అని ఆగింది. హాలంతా ఆ ఒక్క అక్షరం కోసం కాచుకుని ఉంది. "రె" అంది.

"ఎప్పటినుంచి?"

"నాలుగో నెలనుంచి గమనిస్తున్నాను, రె."

"గమనించి?"

"రాసుకున్నాను, రె."

నేను అబద్ధం చెప్పలేదని తేల్చారు. తెల్ల కార్డులు ఆ పూటే రద్దు. కేంద్రాన్ని మందలించారు. మందలింపంటే ఒక కాగితం. ఇల్వెన్ ఉద్యోగం ఇల్వెన్‌కు ఉంది.

తర్వాత యోహర్‌ని చూడడానికి వెళ్ళాను. చెయ్యి మోచేతి కిందదాకా తీసేశారు. ఎడమచేత్తో చెంచా పట్టుకుని గంజి తాగడం నేర్చుకుంటున్నాడు. చొక్కామీదంతా గంజి.

"నీ తప్పు కాదని తేల్చారటగా" అన్నాడు. లూ వాడాడు. హాలుకు తను రాలేదు మరి. "మంచిది. మరి నా చెయ్యి ఎవరి తప్పు?"

నా దగ్గర ఉన్న మాటలన్నీ వెతికాను. తెలుగులో కూడా దొరకలేదు.

"వెళ్ళు. ఇంకోసారి రాకు" అన్నాడు. వచ్చేశాను.


దిగిన 262వ రోజు

నియమం తెలిస్తే నాలుక మారిపోతుందనుకున్నాను. మారదు. నెలల తరబడి తప్పు వాడి, దానికి అందరూ తలాడిస్తే, తప్పు ఎముకలా గట్టిపడుతుంది. రోజుకు కనీసం ముప్పైసార్లు చూడనిదానికి రె అంటున్నాను. పని మళ్ళీ ఇచ్చారు కానీ, నేను రె అన్నా ఎవరూ నమ్మరు, స్వయంగా వెళ్ళి చూసుకుని వస్తారు. నమ్మకపోవడమే మంచిది.

అందుకే దెహ్రా దగ్గరికి వెళ్ళాను. నాకు నేర్పమన్నాను. "నీ ముఖం చూడాలంటేనే నాకు ఒళ్ళు మంట" అంది. చూడకపోయినా ఫర్వాలేదు, వింటే చాలన్నాను. మర్నాడు పొద్దున షిఫ్టు మొదలయ్యే ముందు మీటర్ల గదికి రమ్మంది. నేను ఒక్కదాన్నే వెళ్ళలేదు. పాత తెల్ల కార్డుల వాళ్ళం ఇరవై ముగ్గురం వెళ్ళాం. చూసి ఆమె తిట్టిన తిట్లలో సగం నాకు కొత్తవి. అవి కూడా నేర్చుకున్నాం.

పాఠం అంటూ ఏమీ లేదు. ఒక్కొక్కళ్ళం ఏదో ఒకటి చెప్పాలి. తప్పు దొర్లగానే ఆమె "చూశావా?" అని అరుస్తుంది. నోరు మూసుకుని మళ్ళీ మొదటినుంచి చెప్పాలి. నిన్న ఒకే వాక్యం పదకొండుసార్లు చెప్పించింది. పన్నెండోసారి సరిగ్గా వచ్చింది. ఆమె మెచ్చుకోలేదు, పక్కవాడి వైపు తిరిగింది. నాకు మాత్రం ఇల్వెన్ అన్న "బాగుంది"లన్నీ కలిపినా రానంత సంతోషం వేసింది.

ఇవాళ పొద్దున గది తలుపు దగ్గర ఇల్వెన్ నిలబడి ఉంది. చేతిలో కొత్త పట్టీలు, ఒక పెట్టె నిండా.

"మూల కూర్చుంటాను. ఎవరికీ అడ్డు రాను" అంది. "గట్టిపడిన తప్పు దిద్దడం మొదలుపెట్టాక ఎన్నాళ్ళకు పోతుందో ఇంతవరకూ ఎవరూ చూడలేదు. ఇది చాలా విలువైనది, నాంచారీ. ఆ మూడువేలమందికి పనికొస్తుంది."

అబద్ధం చెప్పడం లేదు. అదే నాకు ఇంకా మండింది. లోపల ఇరవై రెండు జతల కళ్ళు నా వీపుమీద ఉన్నాయి. దెహ్రా నన్నే చెప్పనిచ్చింది. తలుపు పట్టుకుని, సెన్‌లో, వీలైనంత కటువుగా, ఇక్కణ్ణుంచి పొమ్మన్నాను.

ఇల్వెన్ కదల్లేదు. ఆమె కనుబొమ్మలు ముడిపడ్డాయి. నోరు తెరిచింది, మూసింది, మళ్ళీ తెరిచింది.

"మీరన్నది మన ఇంట్లోవాళ్ళను పనికి సాగనంపేటప్పుడు అనే మాట" అంది. "పరాయివాళ్ళను పొమ్మనాలంటే అది కాదు." సరైన మాటేదో చెప్పింది. నాకు అందేలా రెండోసారి విడదీసి పలికింది. పలికాక, తానేం చేసిందో తెలిసి ముఖం ఎర్రబడింది.

ఎనిమిది నెలల పైచిలుకులో ఆమె నన్ను దిద్దడం ఇదే మొదలు.

నేర్పిన మాటను ఆమెతో అన్నాను. తప్పు లేకుండా వచ్చింది. తర్వాత తలుపు వేశాను.